పోస్టులో పోయిన చెక్కు, రెండుసార్లు పోబోయిన సొమ్ము

అనంతపురంలో డ్రిప్ సామాన్లు, పీవీసీ పైపులు అమ్మే ఒక డీలరు. హైదరాబాద్ చర్లపల్లి పారిశ్రామికవాడలో పైపు ఫిట్టింగులు తయారుచేసే ఒక చిన్న యూనిట్. డీలరు ఆ యూనిట్‌కి రూ. 4,86,160 చెక్కు రాసి పోస్టులో పంపారు. పంపినరోజే డీలరు లెడ్జర్లో బాకీ సున్నా అయింది. అటువైపు లెడ్జర్లో బాకీ అలాగే ఉంది, ఎందుకంటే చెక్కు చేరలేదు. ఇద్దరి పద్దులూ ఎవరికి వాళ్లకి కరెక్టుగానే కనిపిస్తాయి. ఇలాంటి కేసుల్లో సగం ఆలస్యం ఇక్కడే జరుగుతుంది.

ఒకే తీరుగా వచ్చే కొన్ని కేసులను కలిపి రాసిన కేసు ఇది. పార్టీలు, చెక్కు నంబర్లు కల్పితం. చట్టం, గడువులు, వడ్డీ లెక్క మాత్రం అసలువే. మీ చెక్కు పోయిన రోజున ఇదే వరుసలో పని నడపొచ్చు.

చెక్కు పోతే డబ్బు పోయినట్టు కాదు, బాకీ తీరినట్టు అంతకన్నా కాదు. చెక్కు అంటే బ్యాంకుకి మనం ఇచ్చిన ఆదేశం. ఆ ఆదేశం ఎవరి చేతిలో ఉందో తెలియనంతసేపు అది బతికే ఉంటుంది. కాబట్టి ముందు దాన్ని చంపాలి, తర్వాత కొత్తగా చెల్లించాలి, ఎవరి తప్పు అన్నది ఆ తర్వాత తేల్చుకోవాలి. ఈ వరుస తిరగబడితే ఒకే బిల్లుకి రెండుసార్లు డబ్బు పోతుంది.

కేసు వివరాలు

బిల్లు తేదీ 2025 అక్టోబర్ 4. సరుకు విలువ రూ. 4,12,000, దానిపై 18 శాతం ఐజీఎస్టీ (రాష్ట్రం దాటే సరుకు మీద జీఎస్టీ) రూ. 74,160. సరుకు అక్టోబర్ 6న దిగింది. అదేరోజు లెక్క చూసుకుని తీసుకున్నారు. సరుకు అందిన 45 రోజుల్లో డబ్బు ఇవ్వాలని పర్చేజ్ ఆర్డర్‌లో రాసుకున్నారు. అంటే నవంబర్ 20 ఆఖరి రోజు.

నవంబర్ 12, బుధవారం చెక్కు రాశారు. నంబరు 000417. అకౌంట్ పేయీ క్రాసింగ్ (పేరున్నవాళ్ల ఖాతాలోనే జమ కావాలనే గీతలు) వేశారు, 'బేరర్' (తెచ్చినవాళ్లకి) అన్న మాట కొట్టేశారు, యూనిట్ పేరు బ్యాంకు ఖాతాలో ఉన్నట్టే పూర్తిగా రాశారు. రూ. 50,000 దాటిన చెక్కు కాబట్టి పాజిటివ్ పే (చెక్కు వివరాలు ముందే బ్యాంకుకి తెలిపే పద్ధతి) వివరాలు కూడా నెట్ బ్యాంకింగ్‌లో ఇచ్చారు. అదే సాయంత్రం స్పీడ్ పోస్టు చేశారు. ఇంతవరకూ వేలెత్తి చూపడానికి ఏమీ లేదు.

కవరు మీద రాసిన అడ్రసే తప్పు. ఆ యూనిట్ అంతకు కొన్ని నెలల ముందే అదే పారిశ్రామికవాడలో మరో షెడ్డుకి మారింది. బిల్లు పైభాగంలో కొత్త అడ్రసు ఉంది. కింద చిన్న అక్షరాల్లో 'చెక్కులు పై చిరునామాకే పంపగలరు' అని కూడా ఉంది. డీలరు గుమాస్తా మాత్రం ఎప్పటిలాగే టాలీలోని (లెక్కల సాఫ్ట్‌వేర్) పార్టీ మాస్టర్ నుంచి, అంటే పార్టీల పేర్లు, అడ్రసుల జాబితా నుంచి లేబుల్ ప్రింట్ తీశాడు. అక్కడున్నది పాత షెడ్డు నంబరు.

నవంబర్ 25, మంగళవారం ఉదయం 11.40కి యూనిట్ అకౌంటెంట్ ఫోన్ చేశారు. "సార్, గడువు దాటి ఐదురోజులైంది, పేమెంట్ ఇంకా రాలేదండి."

"అదేంటండీ, పన్నెండో తేదీనే పంపించేశాం కదా. ట్రాకింగ్‌లో డెలివర్డ్ అని కూడా ఉంది."

"మా దగ్గరికైతే రాలేదండి."

మామూలుగా ఇక్కడ మాటలు పెరుగుతాయి. ఇటువాళ్లు ట్రాకింగ్ స్క్రీన్‌షాట్ వాట్సాప్‌లో పంపుతారు, అటువాళ్లు ఇన్‌వర్డ్ రిజిస్టర్ ఫోటో పంపుతారు. సాయంత్రమైపోతుంది. ఒకప్పుడు ఆ ఒక్కరోజు ఆలస్యం పెద్దగా లెక్కలోకి వచ్చేది కాదు. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కు క్లియరింగ్ పద్ధతి మారిపోయింది. పగటిపూట బ్యాంకుల్లో వేసిన చెక్కులు స్కాన్ అయి ఎప్పటికప్పుడు వెళ్తుంటాయి. చెక్కు ఎవరి ఖాతాదారుడిదో ఆ బ్యాంకు అదేరోజు రాత్రి 7 లోపు అవుననో కాదనో చెప్పాలి. చెప్పకపోతే పాసైనట్టే లెక్క. పొద్దున ఎవరో వేసిన చెక్కు సాయంత్రానికి పాసైపోతుంది. అందుకే ఫోన్ పెట్టేసిన వెంటనే తెరవాల్సింది వాట్సాప్ కాదు, నెట్ బ్యాంకింగ్.

ఏ చెక్కు ఆపాలి?

ఈ కేసు మొత్తం ఇక్కడే తిరిగింది.

ముందుగా స్టేట్‌మెంట్ చూడాలి. చెక్కు ఇప్పటికే పాసైపోయి ఉంటే స్టాప్ పేమెంట్‌తో (ఆ చెక్కుకి డబ్బు ఇవ్వొద్దని బ్యాంకుకి చెప్పడం) పని లేదు, దారి వేరే (దాని సంగతి తర్వాత). నవంబర్ 12 నుంచి 25 వరకూ రూ. 4,86,160 ఎక్కడా డెబిట్ కాలేదు. ఇలా చూసేటప్పుడు మొత్తంతోనూ వెతకాలి, చెక్కు నంబరుతోనూ వెతకాలి. చెక్కు దిద్దేసి వేసుకుంటే మొత్తం మారిపోయి ఉంటుంది.

తర్వాత స్టాప్ పేమెంట్. డీలరు ఆఫీసు అకౌంటెంట్ టాలీ వోచర్ తెరిచి అందులోని చెక్కు నంబరు నెట్ బ్యాంకింగ్‌లో కొట్టాడు. 12.05కి 'స్టాప్ అభ్యర్థన స్వీకరించాం' అని మెసేజ్ వచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ మెసేజ్‌లో ఉన్న నంబరు 000471.

వోచర్ వేసిన రోజున 417 బదులు 471 పడింది. చెక్కు బుక్కు 100 ఆకులది, 000401 నుంచి 000500 వరకూ. 471 ఇంకా వాడని ఆకు. తమ ఖాతాదారుడికి ఇచ్చిన బుక్కులో ఉన్న నంబరే కాబట్టి బ్యాంకు సిస్టమ్ ఏ అడ్డూ చెప్పకుండా ఆపేసింది. అది వాడిన ఆకో వాడనిదో సిస్టమ్‌కి తెలిసే వీలు లేదు. అంటే ఆపాల్సిన చెక్కు బయట తిరుగుతోంది, సొరుగులో ఉన్న ఖాళీ చెక్కు ఆగిపోయింది.

పట్టించింది ఒక ఫోటో. కవరు అంటించే ముందు చెక్కుకి ఫోన్‌తో ఫోటో తీసే అలవాటు ఆ ఆఫీసులో ఉంది. ఎకనాలెడ్జ్‌మెంట్ పక్కన ఆ ఫోటో పెట్టి అంకె అంకె చదివితే తేడా బయటపడింది. 12.45కి 417 మీద మళ్లీ స్టాప్ పెట్టారు, ఈసారి బ్రాంచికి లిఖితపూర్వకంగా కూడా ఇచ్చారు.

కాబట్టి నంబరు ఎక్కడి నుంచి తీసుకోవాలన్నది చిన్న విషయం కాదు. చెక్కు అడుగున తెల్లటి పట్టీ మీద నల్ల సిరాతో ఉండే అంకెల్లో మొట్టమొదటి ఆరూ చెక్కు నంబరు. తర్వాతి తొమ్మిది అంకెలు ఊరు, బ్యాంకు, బ్రాంచి చెప్పే మైకర్ కోడ్. ఆ పక్కన ఆరు అంకెల ఖాతా సంకేతం, చివర రెండు అంకెల లావాదేవీ కోడ్. ఫోటో ఉంటే మొదటి ఆరు అంకెలు దాన్నుంచే చదవాలి. ఫోటో లేకపోతే కౌంటర్‌ఫాయిల్ చూడాలి, అయినా నమ్మకం కుదరకపోతే చెక్కు బుక్కు తెరిచి ముందు ఆకు, వెనక ఆకు నంబర్లు చూసి మధ్యలో చిరిగిందేదో తేల్చుకోవాలి. టాలీలోంచి మాత్రం తీసుకోవద్దు. అది మనిషి కొట్టిన అంకె.

బ్రాంచికి ఇచ్చే కాగితంలో ఖాతా నంబరు, చెక్కు నంబరు, చెక్కు తేదీ, ఎవరి పేరున, ఎంత మొత్తం, కారణం 'పోస్టులో పోయింది' అని ఉండాలి. ఖాతా మీద సంతకం పెట్టే అధికారం ఉన్నవాళ్లే సంతకం చేయాలి. ఇద్దరు కలిసి సంతకం చేసే ఖాతా అయితే ఇద్దరూ చేయాలి. కాపీ మీద బ్యాంకు ముద్రతో పాటు తేదీ, గంట, నిమిషం వేయించుకోండి. గంట వేయమంటే కౌంటర్లో విసుక్కుంటారు, అయినా వదలొద్దు. అదేరోజు చెక్కు క్లియరింగ్‌కి వస్తే ముందు మన కాగితం చేరిందా, ముందు చెక్కు పాసైందా అన్నది ఆ నిమిషాల మీదే తేలుతుంది. స్టాప్ ఎంతకాలం అమల్లో ఉంటుందో కూడా అప్పుడే అడిగి, కనీసం చెక్కు గడువు తీరేదాకా ఉండేలా చూసుకోవాలి.

ఇక పొరపాటున ఆపిన 471. దాన్ని అలా వదిలేస్తే రెండు నెలల తర్వాత వేరే పార్టీకి ఆ ఆకు వెళ్తుంది, 'చెల్లింపు ఆపబడింది' అని తిరిగొస్తుంది, మన పరువు పోతుంది. అదేరోజు దాని మీద స్టాప్ ఎత్తేయమని రాసివ్వాలి. లేదంటే ఆ ఆకు మీద అడ్డంగా గీతలు కొట్టి 'రద్దు' అని రాసి బుక్కులోనే ఉంచాలి. ఈ డీలరు రెండో పనే చేశారు. మా దృష్టిలో అదే మంచిది, మళ్లీ బ్యాంకు మీద ఆధారపడే పని ఉండదు.

పాజిటివ్ పే ఇచ్చాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. అది చెక్కు దిద్దినప్పుడు కాపాడుతుంది. నాలుగు లక్షలను తొమ్మిది చేస్తేనో, పేరు మారిస్తేనో మనం ఇచ్చిన వివరాలతో పొసగదు. దిద్దకుండా ఉన్నదున్నట్టు వేస్తే అన్నీ సరిపోతాయి కాబట్టి హాయిగా పాసైపోతుంది. ఈ కేసులో అసలు ప్రమాదం అదే.

ట్రాకింగ్‌లో 'డెలివర్డ్' అంటే

స్పీడ్ పోస్టు నంబరుకి పదమూడు స్థానాలు: ముందు రెండు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర 'ఐఎన్'. ఈ కవరుకి నవంబర్ 15న డెలివరీ అయినట్టు నమోదైంది. ఆ స్క్రీన్‌ని వెంటనే ప్రింట్ తీసి పెట్టుకోవాలి, ఆన్‌లైన్ వివరాలు కలకాలం ఉండవు. అదేరోజు ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెట్టారు. టోల్ ఫ్రీ నంబరు 1800 266 6868కి కూడా చేయొచ్చు. బుకింగ్ రసీదు, తేదీ, బరువు, రెండు చిరునామాలు దగ్గర ఉంచుకోవాలి. ఫిర్యాదులో 'కవరు పోయింది, పరిహారం ఇవ్వండి' అని రాయడం కంటే 'డెలివరీ రుజువు కాపీ ఇవ్వండి' అని అడగడం మేలు. మనకి కావాల్సింది సంతకం ఎవరిదో.

ఎందుకంటే పరిహారం నామమాత్రం. స్పీడ్ పోస్టు పోతే ఇచ్చేది పోస్టల్ చార్జీకి రెట్టింపు లేదా రూ. 1,000, రెండింటిలో ఏది తక్కువైతే అది. కవర్లో ఉన్న చెక్కు విలువతో దానికి సంబంధం లేదు. పాత 1898 చట్టంలో ఉన్నట్టే, 2024 జూన్‌లో అమల్లోకి వచ్చిన పోస్టాఫీస్ చట్టం 2023లో కూడా నియమాల్లో చెప్పినంత మేరకు తప్ప పోవడానికి, ఆలస్యానికి, వేరేచోట ఇవ్వడానికి తపాలా శాఖ బాధ్యత ఉండదు.

డెలివరీ స్లిప్ కాపీ వచ్చాక విషయం తేలింది. పాత షెడ్డులో ఇప్పుడు వేరే కంపెనీ ఉంది, గేటు దగ్గర వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకున్నాడు. కవరు మీదున్న షెడ్డు నంబరుకే కవరు చేరింది కాబట్టి పోస్టుమన్‌ని అనడానికి ఏమీ లేదు.

2025 అక్టోబర్ 1 నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. అప్పటినుంచి స్పీడ్ పోస్టుకి రూ. 5, దానిమీద జీఎస్టీ అదనంగా కడితే 'రిజిస్ట్రేషన్' వస్తుంది: కవరు పేరున్నవాళ్లకో, వాళ్లు అధికారమిచ్చినవాళ్లకో మాత్రమే ఇస్తారు. మరో రూ. 5 కడితే ఓటీపీ చెబితేనే ఇచ్చే డెలివరీ. పాత రోజుల్లో స్పీడ్ పోస్టుకి, రిజిస్టర్డ్‌కి తేడా అందరికీ తెలుసు. ఇప్పుడు కౌంటర్లో మనం నోరు తెరిచి అడిగితే తప్ప మామూలు స్పీడ్ పోస్టే వేస్తారు. ఈ రెండింటిలో ఏదున్నా కవరు వాచ్‌మన్ చేతికి వెళ్లేది కాదు, అనంతపురం తిరిగొచ్చేది. కొందరు పెద్దవాళ్లు ఇంకా 'యూపీసీ చేయించండి' అంటుంటారు. ఆ పోస్టింగ్ సర్టిఫికెట్ పద్ధతి 2011 జనవరితోనే ఆగిపోయింది.

ఆలస్యం ఎవరి ఖాతాలో?

'మేం పోస్టులో వేశాం, మా బాధ్యత తీరింది' అని డీలర్లు తరచూ అంటారు. అది ఒక్క సందర్భంలోనే చెల్లుతుంది. డబ్బు రావాల్సినవాళ్లు 'పోస్టులో పంపండి' అని మాటల్లోనో, వ్యవహారం తీరులోనో అడిగి ఉంటే పోస్టాఫీసు వాళ్ల ఏజెంట్ అవుతుంది. చెక్కు పోస్టు చేయడంతోనే వాళ్లకి ఇచ్చినట్టు. 1954లో ఓగలే గ్లాస్ వర్క్స్ ఆదాయపు పన్ను కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. ఔంధ్ సంస్థానంలో లాంతర్లు తయారుచేసే ఆ కంపెనీకి ఢిల్లీ నుంచి ప్రభుత్వం చెక్కులు పోస్టులో పంపేది. డబ్బు ఎక్కడ ముట్టినట్టు అన్నది అక్కడి ప్రశ్న.

అయితే ఈ వాదం మన డీలరుని కాపాడదు. అడిగినవాళ్లు 'పై చిరునామాకే' అన్నారు, వెళ్లింది వేరే చిరునామాకి. పైగా చెక్కు షరతుతో కూడిన చెల్లింపు, డబ్బు చేతికందితేనే బాకీ తీరుతుంది. చెక్కు పాస్ కాలేదు కాబట్టి నవంబర్ 20 నాటికి బాకీ తీరనట్టే.

అటువైపు ఉన్నది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వ నమోదు) ఉన్న చిన్న తయారీ యూనిట్. ఎంఎస్ఎంఈడీ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం 2006 ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వ్ బ్యాంక్ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. ఆ నవంబర్లో బ్యాంక్ రేటు 5.75 శాతం. మూడు రెట్లు అంటే 17.25 శాతం. నవంబర్ 21 నుంచి 28 వరకూ 8 రోజులు:

రూ. 4,86,160 × 17.25 శాతం ÷ 365 × 8 = రూ. 1,838.

నెల నిండలేదు కాబట్టి చక్రవడ్డీ ఊసే లేదు. 'రెండువేలు కూడా లేదు, వదిలేయమనండి' అని డీలరుకి అనిపించడం సహజం. ఇచ్చేయమనే మా సలహా. అడ్రసు తప్పు ఇటుదే, పైగా ఈ వడ్డీ మర్యాదకి సంబంధించింది కాదు, చట్టం చెప్పింది. దీన్ని ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపకూడదు, ఎంఎస్ఎంఈడీ చట్టంలోని 23వ సెక్షన్ ఒప్పుకోదు.

అసలు మొత్తానికి పన్ను చిక్కు లేకపోవడం తేదీల పుణ్యం. 2025-26కి వర్తించే ఆదాయపు పన్ను చట్టం 1961లోని 43బి(హెచ్) ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారులకు గడువు దాటి ఇచ్చిన సొమ్ము, నిజంగా చెల్లించిన సంవత్సరంలోనే ఖర్చు కింద వస్తుంది. ఇక్కడ ఆలస్యం, చెల్లింపు రెండూ 2025-26లోనే పడ్డాయి. ఇదే చెక్కు ఫిబ్రవరిలో పోయి, ఏప్రిల్లో తెలిసి ఉంటే ఆ సంవత్సరం లాభంలో నాలుగు లక్షలు అదనంగా చేరి పన్ను పడేది. కాబట్టి ఫిబ్రవరి, మార్చిల్లో చిన్న యూనిట్లకి చెక్కులు పోస్టు చేయొద్దని గట్టిగా చెబుతాం. అవతలివాళ్లు కేవలం కొని అమ్మే ట్రేడరైతే ఈ 45 రోజుల రక్షణ వర్తించదు. వాళ్ల ఉద్యమ్ సర్టిఫికెట్‌లో తయారీ అని ఉందో ట్రేడింగ్ అని ఉందో చూసుకోవాలి.

జీఎస్టీలో మరో గడువుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో డబ్బు ఇవ్వకపోతే తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీది జీఎస్టీకి వచ్చే మినహాయింపు) వెనక్కి కట్టాలి. ఈ బిల్లుకి ఆ రోజు 2026 ఏప్రిల్ 2. ఇక్కడ దూరంగా ఉంది కానీ, పోయిన చెక్కు బీఆర్‌ఎస్‌లో (మన పద్దుని బ్యాంకు పద్దుతో సరిచూసే పట్టీ) 'ఇంకా పాస్ కాని చెక్కులు' కింద నెలల తరబడి పడుంటే ఈ గడువు కూడా తెలియకుండా దాటిపోతుంది.

మళ్లీ చెల్లించే ముందు

స్టాప్ పడిందని బ్యాంకు నుంచి రాతపూర్వకంగా వచ్చాకే రెండో చెల్లింపు. ఇక్కడ ఇంకో గొయ్యి ఉంది. 'మీ చెక్కు అందలేదు, ఈ కొత్త ఖాతాకి పంపండి' అనే మెయిల్ మోసగాళ్లకి ఇష్టమైన ఎత్తు. కవరు దొరికినవాడికి ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో మొత్తం తెలుసు. అందుకని మెయిల్‌లో వచ్చిన నంబరుకి కాకుండా పాత బిల్లు మీదున్న నంబరుకి మనమే ఫోన్ చేయాలి. ఖాతా వివరాలు లెటర్‌హెడ్ మీద, కొట్టేసిన చెక్కు ఆకుతో పాటు తెప్పించుకోవాలి. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆర్‌టీజీఎస్, ఎన్ఈఎఫ్‌టీ పంపేటప్పుడు ఆ ఖాతా ఎవరి పేరున ఉందో ముందే చూపించే సదుపాయం బ్యాంకుల్లో ఉంది. పేరు అక్షరం అక్షరం సరిపోతేనే ముందుకెళ్లాలి.

యూనిట్ నుంచి లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో ఈ లేఖ తీసుకున్నారు. కావాలంటే ఇదే వాడుకోండి:

"తేది 12-11-2025 నాటి, రూ. 4,86,160 (నాలుగు లక్షల ఎనభై ఆరు వేల నూట అరవై రూపాయలు) విలువగల మీ చెక్కు నం. 000417 మాకు అందలేదు. దాన్ని మేము గానీ, మా తరఫున మరెవరు గానీ బ్యాంకులో వేయలేదు, ఎవరికీ బదలాయించలేదు. ఇకమీదట దొరికితే బ్యాంకులో వేయకుండా, రద్దు చేసి మీకు తిప్పి పంపుతాము. దాని బదులుగా తేది 04-10-2025 నాటి బిల్లుకు మీరు పంపే ఆర్‌టీజీఎస్ సొమ్మును పూర్తి చెల్లింపుగా స్వీకరిస్తాము. ఆ చెక్కు సొమ్ము మా ఖాతాలో జమైతే 7 రోజుల్లో మీకు తిరిగి చెల్లిస్తాము."

స్టాంపు కాగితం అవసరమా అని అడుగుతారు. ఏళ్లుగా వ్యవహారం ఉన్న పార్టీకి లెటర్‌హెడ్ చాలు, అసలు రక్షణ స్టాప్ పేమెంటే. కొత్త పార్టీ అయినా, చెక్కు వాళ్ల చేతికి అందాకే పోయినా స్టాంపు కాగితం మీద పూచీ బాండ్ రాయించుకోవాలి. చెక్కు అందుకున్నాక పోగొట్టుకున్నవాళ్లకి అవే వివరాలతో మరొకటి ఇమ్మని అడిగే హక్కు నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 45ఎ సెక్షన్ ఇస్తుంది. అయితే ఇచ్చేవాళ్లు పూచీ అడిగితే వాళ్లు ఇవ్వాల్సిందే.

నవంబర్ 28న రూ. 4,87,998 ఆర్‌టీజీఎస్‌లో వెళ్లింది. అసలు, వడ్డీ కలిపి. యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) లేఖ కాపీ మీదే రాసి పెట్టారు.

పద్దుల్లో పాత చెక్కు ఎంట్రీని చెరిపేయకూడదు. స్టాప్ పెట్టిన తేదీన బ్యాంకు డెబిట్, పార్టీ క్రెడిట్ అని ఎదురు ఎంట్రీ వేసి, వివరణలో రెండు చెక్కు నంబర్లూ, తప్పు నంబరు సంగతీ రాయాలి. తర్వాత కొత్త చెల్లింపు, వడ్డీ, స్టాప్ చార్జీ విడివిడిగా. పార్టీ మాస్టర్‌లో అడ్రసు అప్పుడే మార్చాలి, రేపు అనుకుంటే మళ్లీ పాత షెడ్డుకే లేబుల్ వస్తుంది.

ఇలా కాకుండా ఉంటే

చెక్కు అప్పటికే ఎవరో మార్చుకుని ఉంటే వెంటనే బ్యాంకుని పాసైన చెక్కు ఇమేజ్ రెండువైపులా అడగాలి. ఏ బ్యాంకులో, ఏ ఖాతాలో పడిందో వెనకవైపు ముద్ర చెబుతుంది. అకౌంట్ పేయీ చెక్కుని పేరున్నవాళ్ల ఖాతాలో తప్ప వేరే ఖాతాలో జమ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ ఆదేశం. రూ. 50,000 లోపు సహకార పరపతి సంఘాలకి ఒక చిన్న మినహాయింపు ఉంది, అంతే. వేరే ఖాతాలో పడిందంటే జమ చేసుకున్న బ్యాంకు, మంచి నమ్మకంతో, నిర్లక్ష్యం లేకుండా చేశామని చూపించుకోవాలి. ఇలాంటప్పుడు రెండు బ్యాంకులకీ రాతపూర్వక ఫిర్యాదు, పోలీసులకి ఫిర్యాదు అదేరోజు వెళ్లాలి. బ్యాంకు నుంచి 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు.

పోయింది డిమాండ్ డ్రాఫ్ట్ అయితే సంగతి వేరు. అది బ్యాంకే ఇస్తానన్న డబ్బు, కొన్నవాళ్ల మాట మీద చెక్కులా ఆగదు. డూప్లికేట్‌కి దరఖాస్తు పెట్టాలి, పూచీ బాండ్ ఇవ్వాలి. కొన్నవాళ్లో, ఎవరి పేరున తీశారో వాళ్లో అడిగితే పక్షం రోజుల్లో డూప్లికేట్ ఇవ్వాలని, ఆలస్యమైతే ఆ కాలానికి ఫిక్స్‌డ్ డిపాజిట్ రేటుతో వడ్డీ ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం. ఈ వడ్డీ అడగనిదే ఇచ్చిన బ్యాంకు అరుదు, అడగండి.

చెక్కు తిరిగొచ్చింది

డిసెంబర్ 9న పాత షెడ్డు వాళ్లు కవరు తెచ్చి యూనిట్ ఆఫీసులో ఇచ్చి వెళ్లారు. వాచ్‌మన్ గదిలో పాత పేపర్ల కట్టలో దొరికిందట. యూనిట్‌లో ఆ లేఖ రాసిన అకౌంటెంట్ సెలవులో ఉన్నారు. కొత్తగా చేరిన కుర్రాడు కవరు చింపి, చెక్కు చూసి, మర్నాడు ఉదయం మిగతా చెక్కులతో కలిపి బ్యాంకులో వేసేశాడు. తప్పు పట్టడానికి లేదు, చెక్కు వస్తే బ్యాంకులో వేయడమే అతని పని. తేదీ నిండా నెల కూడా కాలేదు, మూడు నెలల గడువు ఫిబ్రవరి దాకా ఉంది. పాజిటివ్ పేతో అన్నీ సరిపోయాయి. ఖాతాలో డబ్బుంది.

డిసెంబర్ 10 సాయంత్రం 'ఖాతాదారు చెల్లింపు ఆపారు' అన్న కారణంతో చెక్కు తిరిగొచ్చింది. స్టాప్ 471 మీదే ఉండిపోయి ఉంటే, ఆ సాయంత్రం మరో రూ. 4,86,160 వెళ్లిపోయేది. అవతలివాళ్లు మంచివాళ్లే, తిప్పి ఇచ్చేవాళ్లే. కానీ రబీ మధ్యలో అంత డబ్బు పదిరోజులు చేతిలో లేకపోవడం ఒక డీలరుకి మామూలు దెబ్బ కాదు.

చెక్కు తిరిగితే అందరికీ 138 సెక్షన్ (చెక్కు బౌన్స్ కేసు) గుర్తొస్తుంది. స్టాప్ పెట్టి ఆపిన చెక్కు కూడా ఆ సెక్షన్ కిందకి రావచ్చని 1998లో మోదీ సిమెంట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే చెక్కు బ్యాంకులో వేసేనాటికి ఆ బాకీ ఉండాలి. నవంబర్ 28నే తీరిపోయిందని లేఖ, యూటీఆర్ చెబుతున్నాయి. డీలరు అదే సాయంత్రం ఆ రెండు కాగితాలూ మెయిల్ చేశారు. మర్నాడే యూనిట్ నుంచి క్షమాపణతో జవాబు వచ్చింది.

చెక్కు రిటర్న్ చార్జీ యూనిట్ భరించింది. రద్దు చేసిన 417 ఈసారి రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో అనంతపురం వచ్చింది. ఇప్పుడది అక్టోబర్ 4 బిల్లు, నవంబర్ 25 స్టాప్ కాపీ, యూనిట్ లేఖతో కలిపి ఒకే పిన్ను కింద వోచర్ ఫైల్లో ఉంది.